పాత యుద్ధనౌకల క్రెస్టులు, ఫిరంగి టాంపియన్లు: అసలైనవో కావో తేల్చడం ఎలా?

భీమిలి_కెరటం

సభ్యులందరికీ నమస్కారం. మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్నగారు, 1953లో నౌకాదళంలో చేరి మొదట ఐ.ఎన్.ఎస్. ఢిల్లీ మీద, 1957 నుంచి ఐ.ఎన్.ఎస్. మైసూర్ మీద పనిచేశారు. భీమిలిలోని వారి ఇంటి హాలు గోడకు నా చిన్నప్పటి నుంచీ ఒక గుండ్రని ఇత్తడి బిళ్ళ వేలాడుతూ ఉండేది. దాని మీద రెండు తలల పక్షి ఉబ్బెత్తుగా ఉంటుంది. "ఇది ఫిరంగి నోటికి పెట్టే మూత" అని తాతయ్య చెప్పేవారు. ఆయన పోయాక అది నా దగ్గరికి చేరింది. మా బంధువులలో కొందరు అది బజారులో కొన్న అలంకార వస్తువేనని, ఫిరంగి మూత ఇంత నాజూకుగా ఉండదని అంటున్నారు.

రెండవది నేనే కొన్న వస్తువు. ఢిల్లీ నౌక పూర్వం హెచ్.ఎం.ఎస్. ఎకిలీస్ అన్న పేరుతో బ్రిటిష్ యుద్ధనౌకగా ఉండేదని చదివి, అంతర్జాలంలో ఒక విక్రేత దగ్గర ఆ పేరున్న గుండ్రని బ్యాడ్జి కనిపిస్తే, తాతయ్య వస్తువు పక్కన పెట్టుకోవచ్చునన్న ఆశతో 14,500 రూపాయలకు తీసుకున్నాను. 1939 డిసెంబరులో గ్రాఫ్ స్పే అనే జర్మన్ నౌకతో జరిగిన యుద్ధంలో ఎకిలీస్ మీద ఉన్నది ఇదేనని విక్రేత రాసి ఇచ్చాడు. కాగితం తప్ప వేరే ఆధారం లేదు. ఈ రెండింటి సంగతి తేల్చుకోవడానికి ఏమి చూడాలో, దేనితో మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

పాత_గన్నర్

అమ్మా, తాతగారు చెప్పిన మాట సరైనదే కావచ్చును. నేను గన్నరీ శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక ముందుగా ఆ వస్తువు ఏమి చేస్తుందో చెబుతాను. పని తెలిస్తే పరీక్ష దానంతట అదే తెలుస్తుంది.

ఓడ నడుస్తున్నప్పుడు ముందు భాగం మీదికి నీళ్ళు ఎగజిమ్ముతూనే ఉంటాయి. ఉప్పునీరు గొట్టంలోకి పోతే లోపలి మెలికల గాడులు తుప్పు పడతాయి. అందుకని గొట్టం మూతికి ఒక బిరడా పెడతారు, అదే టాంపియన్. దానికి రెండు భాగాలు ఉంటాయి. లోపలికి దూరే మొద్దు చెక్కతోనో లోహంతోనో ఉంటుంది. దాని చుట్టూ రబ్బరు పట్టీ లేదా తోలు పట్టీ ఉంటుంది. బయటికి కనిపించే బిళ్ళ మీద ఓడ క్రెస్టు, అంటే ఆ ఓడ చిహ్నం, ఉంటుంది. మధ్యలో ఉన్న మరను బిగించినకొద్దీ పట్టీ నొక్కుకుని పక్కలకు ఉబ్బి, గొట్టం గోడను పట్టుకుంటుంది. పేల్చే ముందు దాన్ని తీయవలసిందే. రేవులో ఉన్నప్పుడు, తనిఖీ ఉన్నప్పుడు అది తళతళలాడాలి. దాన్ని బ్రాసో అనే మెరుగు మందుతో రుద్దే పని కుర్రవాళ్ళదే. మా చేతుల చర్మం అరిగినంతగా ఆ పక్షుల, సింహాల ముక్కులూ అరిగేవి.

కనుక మొదటి పరీక్ష ముందు వైపు కాదు, వెనుక వైపు. గొట్టం లోపలి కొలతకు సరిపోని మొద్దు ఉన్నది ఎప్పటికీ టాంపియన్ కాదు. మీ బిళ్ళకు మొద్దు ఉన్నదా? లేకపోతే అది ఉండిన చోట గుండ్రని మచ్చ ఉన్నదా? ఒక వెర్నియర్ క్యాలిపర్ తీసుకుని మచ్చ వ్యాసం, బిళ్ళ వ్యాసం, మందం, మర రంధ్రం కొలిచి పెట్టండి.

కొలతలు వచ్చేలోగా ఒక్క విన్నపం. దయచేసి దాన్ని తోమకండి. మన ఇళ్ళలో ఇత్తడి కనబడితే చింతపండు, కొబ్బరి పీచు వెదకడం అలవాటు. వెనుక వైపు ఉన్న ప్రతి మరకా సాక్ష్యమే.

పత్రాల_పెట్టె

పాత గన్నర్ గారు వస్తువు వైపు నుంచి మొదలుపెట్టారు కాబట్టి నేను ఓడ చరిత్ర వైపు నుంచి వస్తాను. నా అనుభవంలో నకిలీలు ఎక్కువగా పట్టుబడేది పనితనం లోపం వల్ల కాదు, తేదీల పొరపాటు వల్ల.

బ్రిటిష్ నౌకాదళంలో మొదటి ప్రపంచ యుద్ధం దాకా బ్యాడ్జీలకు అధికారిక పద్ధతి లేదు. ఒక్కొక్క ఓడ తనకు తోచినది పెట్టుకునేది. 1918 డిసెంబరులో బ్యాడ్జీల కోసం ఒక కమిటీ ఏర్పడింది. ఇంపీరియల్ వార్ మ్యూజియం మొదటి క్యూరేటరు చార్లెస్ ఫోక్స్ ఆ పనికి సలహాదారై, తరువాతి సంవత్సరాలలో వందల నమూనాలు గీశారు. ఆ నమూనాలను బట్టి చాథం డాక్‌యార్డులో చెక్క మీద చెక్కి, ఆ చెక్క అచ్చుతో లోహం పోత పోసేవారు. ఆ తొలి పద్ధతిలో ఓడ తరగతిని బ్యాడ్జి ఆకారమే చెప్పేది. బ్యాటిల్‌షిప్పులకు వృత్తం, క్రూయిజర్లకు పంచభుజి, డిస్ట్రాయర్లకు అడుగు గుండ్రంగా ఉన్న డాలు, విమానవాహక నౌకలతో సహా మిగిలినవాటికి వజ్రాకారం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈ తేడా పోయింది. ఆ తరువాత యుద్ధనౌకలన్నిటికీ వృత్తమే. పంచభుజి సహాయక నౌకలకు, వజ్రాకారం తీర స్థావరాలకు మిగిలాయి.

భీమిలి కెరటం గారూ, ఇక్కడే మీ రెండవ వస్తువు ఇరుకున పడుతోంది. 1939లో ఎకిలీస్ ఒక క్రూయిజరు. ఆనాటి అధికారిక నౌకా బ్యాడ్జి పంచభుజిగా ఉండాలి, మీరేమో గుండ్రనిది అంటున్నారు. బ్రిటిష్ వారు ఎకిలీస్ పేరును 1970లో సేవలోకి వచ్చిన ఒక ఫ్రిగేటుకు మళ్ళీ పెట్టారు. దాని బ్యాడ్జి గుండ్రనిది. కాబట్టి మీ వస్తువు ఫ్రిగేటు కాలపుదైనా కావాలి, జ్ఞాపికగా పోసిన కొత్తదైనా కావాలి. ఒక్క జాగ్రత్త: ఈ ఆకారపు పరీక్ష నౌక మీద, పడవల ముక్కు మీద బిగించే బ్యాడ్జీలకే వర్తిస్తుంది. టాంపియన్ ఏ ఓడదైనా గుండ్రంగానే ఉంటుంది, గొట్టం గుండ్రనిది కనుక.

మన దేశపు వస్తువులకు పేరు ముందున్న అక్షరాలు పెద్ద ఆధారం. రాయల్ ఇండియన్ నేవీ 1934లో ఏర్పడింది; దాని ఓడలకు హెచ్.ఎం.ఐ.ఎస్. అని ఉండేది. 1950 జనవరి 26 నుంచి ఐ.ఎన్.ఎస్. వచ్చింది, కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. ఢిల్లీ క్రూయిజరు 1948 జులైలో మనకు వచ్చింది కాబట్టి హెచ్.ఎం.ఐ.ఎస్. ఢిల్లీ అన్న పేరు ఏడాదిన్నర మాత్రమే బతికింది. అటువంటి వస్తువు నిజంగా దొరికితే అరుదైనదే; కానీ పైన కిరీటం, కింద ఐ.ఎన్.ఎస్. అన్న అక్షరాలు ఒకే దాని మీద కనిపిస్తే మరి ఏ పరీక్షా అక్కరలేదు.

ఇంకొకటి కూడా గమనించాలి. ఐ.ఎన్.ఎస్. అని ఉన్నంత మాత్రాన అది ఓడ కానక్కరలేదు. విశాఖలో సర్కార్స్, కళింగ, వీరబాహు, శాతవాహన అన్నీ తీర స్థావరాలే. "ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ ఫిరంగి మూత" అని ఒకరు నాకు ఫోటో పంపారు. భూమి మీద ఉన్న స్థావరానికి గొట్టం ఎక్కడిది? బీచి రోడ్డులో మనమందరం చూసిన కురుసుర పేరుతో కూడా అలాగే ఒకటి అమ్మకానికి వచ్చింది. ఆ తరగతి జలాంతర్గాములకు డెక్కు మీద ఫిరంగే లేదు.

హార్బర్_రోడ్

నేను సైనిక పతకాలు, బొత్తాలు సేకరిస్తాను. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ వస్తువుల మీద రాజు కిరీటం ఉన్నదా, రాణి కిరీటం ఉన్నదా అని చూస్తే 1952కు ముందువో తరువాతవో వెంటనే తెలిసిపోతుంది. ఈ బ్యాడ్జీలకు కూడా అదే సులువైన మార్గం కదా?

పత్రాల_పెట్టె

టోపీ బ్యాడ్జీలకు, బొత్తాలకు ఆ పరీక్ష చక్కగా పనికి వస్తుంది. నౌకా బ్యాడ్జీలకు పనికిరాదు. వీటి మీద ఉండేది రాజకిరీటం కాదు, నౌకా కిరీటం. పట్టీ మీద ఓడల వెనుక భాగాలు, తెరచాపలు ఒకటి విడిచి ఒకటి నిలబెట్టినట్టు ఉంటుంది. గద్దె మీద రాజు ఉన్నా, రాణి ఉన్నా అది మారదు. అయితే మీ ప్రశ్న వల్ల ఒక మేలు జరిగింది: నౌకా బ్యాడ్జి మీద రాజకిరీటం కనిపిస్తే అనుమానించవలసిన మొదటి కారణం అదే. చేసినవాడు టోపీ బ్యాడ్జిని చూసి చేశాడన్నమాట.

సామ్రాజ్యంలోని ఇతర నౌకాదళాలకు కూడా గుర్తులు ఉన్నాయి. ఆస్ట్రేలియా బ్యాడ్జీల అడుగున బూమరాంగ్, రాతి గొడ్డలి వంటి ఆదివాసీ ఆయుధాలు, కెనడా వాటికి మూడు మేపుల్ ఆకులు, న్యూజిలాండ్ వాటికి ఫెర్న్ ఆకులు కనిపిస్తాయి.

మూస_కొలిమి

నాది విజయవాడ ఆటోనగర్‌లో పోత పని. మా నాన్నగారి కాలం నుంచి చెక్క ప్యాటర్న్లు, అంటే ఇసుకలో అచ్చు తీసే నమూనాలు, చేస్తున్నాం. చరిత్ర నాకు తెలియదు కానీ లోహం దాచలేని సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది కుంచించుకుపోవడం. కరిగిన ఇత్తడి గట్టిపడి చల్లారే లోపల అడుగుకు సుమారు మూడు పదహారో వంతుల అంగుళం, అంటే నూటికి ఒకటిన్నర వంతు, చిన్నదవుతుంది. అందుకే ప్యాటర్న్ చేసేవాడు ఆ మేరకు పెద్దదిగా చెక్కుతాడు. మా దగ్గర దానికి ప్రత్యేకమైన స్కేలే ఉంటుంది. నకిలీ చేసేవాడికి ప్యాటర్న్ ఉండదు. అసలు వస్తువునే ఇసుకలో ఒత్తి అచ్చు తీస్తాడు. కాబట్టి అతని పోత అసలు దానికంటే తప్పకుండా చిన్నదిగా వస్తుంది. ఒకసారి ఒక ఖాతాదారు ఒకే ఓడ పడవ బ్యాడ్జీలు రెండు తెచ్చారు. కంటికి రెండూ ఒకటే. ఒకటి 203 మిల్లీమీటర్లు, రెండవది 200. ఆ మూడు మిల్లీమీటర్ల లోటు చూడగానే పిల్ల ఏదో తల్లి ఏదో తెలిసింది. తరువాత భూతద్దంతో చూస్తే, అసలు దానిలో తాడు అంచు మీద ఒక్కొక్క పేట విడివిడిగా ఉంది. రెండవ దానిలో పేటల మధ్య సందులు పూడుకుపోయి, తాడు జంతికలా కనిపించింది. అచ్చు నుంచి అచ్చు తీసిన ప్రతిసారీ ఆ పదును కొంత పోతుంది.

రెండవది బరువు. ఎంత బరువు ఉందన్నది కాదు, ఎంత పరిమాణానికి ఎంత బరువు అన్నది ముఖ్యం. వస్తువును దారంతో కట్టి, వేలాడే త్రాసుతో గాలిలో ఒకసారి, పూర్తిగా నీట మునిగేలా బకెట్లో ఒకసారి తూచండి. నీటిలో తగ్గిన బరువుతో గాలిలోని బరువును భాగించండి. ఎనిమిదిన్నరకు అటూ ఇటూగా వస్తే ఇత్తడి లేదా గన్‌మెటల్ (ఒక రకం కంచు). ఏడు దరిదాపుల్లో ఉంటే జింకు మిశ్రమం కావచ్చు. రెండు పాయింట్ ఏడు అయితే అల్యూమినియం. రెండుకు లోపల ఉంటే రెసిన్‌లో ఇత్తడి పొడి కలిపి పోసినది. అయితే వెనుక వైపు కాగితం, లక్క, పాత రంగు ఉంటే వాటి ఫోటోలు ముందే తీసుకోండి, నీరు తగిలితే పోవచ్చు.

మూడవది మరలు. పాత బ్రిటిష్ పనిలో విట్‌వర్త్ అనే అంగుళాల కొలత మరలు ఉంటాయి. అర అంగుళం విట్‌వర్త్ అయితే అంగుళానికి 12 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరకు కోణం 60 డిగ్రీలు. ఎం 12 అయితే చుట్టుకు చుట్టుకు మధ్య 1.75 మిల్లీమీటర్లు. ఏ లేత్ షాపులోనైనా మర గేజి ఉంటుంది, పళ్ళు ఆనించి చూస్తే సగం నిమిషంలో తేలుతుంది. 1930లలో పోశారన్న వస్తువుకు మెట్రిక్ మర ఉంటే, మర తరువాత వేసిందా లేక వస్తువే తరువాతిదా అన్న ప్రశ్న వేయాలి.

చిలుము గురించి ఒక్క మాట. ఏళ్ళ మీద పట్టిన చిలుము సందుల్లో గట్టిగా, పొరలు పొరలుగా ఉంటుంది, గోటితో గీరితే రాదు. యాసిడ్ పోసి తెప్పించిన చిలుము అన్ని చోట్లా ఒకే పచ్చగా ఉండి తడి గుడ్డకు అంటుతుంది. సముద్రపు నీరు బాగా తిన్న ఇత్తడిలో జింకు పోయి అక్కడక్కడ రాగి ఎరుపు మచ్చలు తేలుతాయి. అది యాసిడ్‌తో తెప్పించడం కష్టం.

ఆక్లాండ్_తెలుగు

ఎకిలీస్ అన్న పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను. న్యూజిలాండ్‌లో నేను ఉండే ఊరిలో ఈ ఓడను తమ సొంత ఓడగా భావిస్తారు. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికా తీరంలో ఎజాక్స్, ఎక్సెటర్లతో కలిసి గ్రాఫ్ స్పే అనే జర్మన్ యుద్ధనౌకను ఎదుర్కొన్నప్పుడు దీని మీద న్యూజిలాండ్ నావికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1941లో రాయల్ న్యూజిలాండ్ నేవీ ఏర్పడినప్పటి నుంచి ఇది హెచ్.ఎం.ఎన్.జెడ్.ఎస్. ఎకిలీస్. మన దగ్గర ఢిల్లీగా ముప్పై ఏళ్ళు పనిచేసి 1978లో విరమించాక, ఓడను విడగొట్టినప్పుడు భారత ప్రభుత్వం ఒక ఫిరంగి టరెట్‌ను, అంటే గొట్టాలు బిగించి ఉండే తిరిగే గదిని, న్యూజిలాండ్‌కు కానుకగా ఇచ్చింది. అది డెవన్‌పోర్ట్ నౌకా స్థావరం దగ్గర ఉన్నది. మా పిల్లలను తీసుకువెళ్ళి, "ఇది మన ఢిల్లీ ఫిరంగి కూడా" అని చూపించాను.

ఆ టరెట్ దగ్గర నిలబడి గొట్టాలు చూసినప్పుడు నాకు తట్టిన సంగతి ఇది. టాంపియన్లను లెక్క పెట్టవచ్చు! ఎకిలీస్ తయారైనప్పుడు జంట గొట్టాల టరెట్లు నాలుగు, అంటే ఆరంగుళాల ఫిరంగులు ఎనిమిది. 1943 జనవరిలో బాంబు పడి, వెనుక వైపు రెండు టరెట్లలో ఒకటైన ఎక్స్ టరెట్ దెబ్బతిన్నది. ఇంగ్లండులో మరమ్మతు చేసినప్పుడు దాన్ని తీసేసి విమాన విధ్వంసక తుపాకులు పెట్టారు. కనుక మనకు వచ్చేసరికి మిగిలినవి మూడు టరెట్లు, ఆరు ఫిరంగులు.

పత్రాల_పెట్టె

ఆక్లాండ్ మిత్రులు చెప్పిన లెక్క చాలా విలువైనది. "ఐ.ఎన్.ఎస్. ఢిల్లీ, ఎక్స్ టరెట్" అని చెక్కిన ఒక టాంపియన్‌ను నేను స్వయంగా చూశాను. పనితనం బాగుంది, లోహం మంచిది, ధర మరీ మంచిది. కానీ ఢిల్లీ అన్న పేరు, ఎక్స్ టరెట్ ఏనాడూ కలిసి లేవు.

1956లో విడుదలైన ఒక బ్రిటిష్ సినిమాలో ఈ ఢిల్లీ నౌకే తన పూర్వపు ఎకిలీస్ పాత్రలో నటించింది. కాబట్టి ఎకిలీస్ పేరున్న వస్తువులలో చిత్రీకరణ కోసం చేసినవి కూడా ఉండే అవకాశాన్ని కొట్టివేయకూడదు.

ఇక మైసూర్ సంగతి. ఆ పేరుతో రెండు ఓడలు ఉన్నాయి. మొదటిది పూర్వపు హెచ్.ఎం.ఎస్. నైజీరియా, 1957 నుంచి 1985 వరకు మన దగ్గర పనిచేసిన క్రూయిజరు. రెండవది 1999లో వచ్చిన డిస్ట్రాయర్. రెండింటి క్రెస్టూ మైసూరు రాజచిహ్నమైన రెండు తలల గండభేరుండ పక్షే. అంటే భీమిలి కెరటం గారి పక్షిని చూసి ఏ ఓడో చెప్పలేము. గొట్టం కొలతే చెప్పాలి. క్రూయిజరుకు ఆరంగుళాల ఫిరంగులు తొమ్మిది, మూడేసి గొట్టాల టరెట్లలో. వాటి లోపలి వ్యాసం 152.4 మిల్లీమీటర్లు. కొత్త డిస్ట్రాయర్‌కు 100 మిల్లీమీటర్ల రష్యన్ ఫిరంగి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత క్రూయిజరుకు నాలుగంగుళాల ఫిరంగులు కూడా ఉండేవి, అంటే 101.6. మీ మచ్చ గనుక వంద దగ్గర తేలితే కేవలం కొలత చాలదు. అప్పుడు మూస కొలిమి గారి మర గేజి తీర్పు చెబుతుంది. బ్రిటిష్ ఫిరంగికి అంగుళాల మర, రష్యన్ ఫిరంగికి మెట్రిక్.

కొలతల గురించి ఇంకొక హెచ్చరిక. పేరులో ఉన్న అంగుళాలే గొట్టంలో ఉంటాయని నమ్మరాదు. బ్రిటిష్ వారి నాలుగున్నర అంగుళాల నౌకా ఫిరంగి నిజ వ్యాసం 4.45 అంగుళాలు, అంటే 113 మిల్లీమీటర్లు. ఆ సంగతి తెలియని నకిలీదారు సరిగ్గా 114.3కు మొద్దు తీస్తాడు. అది ఏ గొట్టంలోనూ దూరదు.

భీమిలి_కెరటం

ఇన్ని సంగతులు చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మా తమ్ముడి సాయంతో రెండు వస్తువులనూ కొలిచాము.

మొదట ఎకిలీస్. చేతిలోకి తీసుకున్నప్పుడే తేడా తెలిసింది. ఇత్తడికి ఉండే చల్లదనం దానికి లేదు. బకెట్లో తూస్తే ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. వెనుక ఆకుపచ్చ గుడ్డ కొద్దిగా లేపి చూస్తే లోపల గోధుమ రంగు రెసిన్. విక్రేతకు రాశాను; ఇంకా జవాబు రాలేదు.

తాతయ్య బిళ్ళ: బయటి వ్యాసం 178 మిల్లీమీటర్లు, మందం దాదాపు 12. గాలిలో 2,565 గ్రాములు, నీటిలో 300 గ్రాములు తగ్గింది, అంటే ఎనిమిది పాయింట్ ఐదు ఐదు. ముందు వైపు పక్షి రెండు ముక్కులూ, రెక్కల అంచులూ నునుపుగా అరిగిపోయాయి, ఈకల సందుల్లో తెల్లటి పొడి గట్టిపడి ఉంది. మొద్దు లేదు. కానీ వెనుక వైపు, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పి చూడని వైపు, ఒక గుండ్రని నల్లని వలయం ఉంది. దాని వ్యాసం 151. వలయం లోపల ఇత్తడి మామూలు గోధుమ రంగులో ఉంది; వలయానికి బయట, అంచు దాకా, బూడిద రంగు పెయింటు అక్కడక్కడ అంటుకుని ఉంది, దాని కింద రాగి ఎరుపు మచ్చలు నాలుగైదు ఉన్నాయి. మధ్య రంధ్రంలో మర ఉంది. మా వీధి చివరి లేత్ షాపు అతను గేజి పెట్టి చూసి, అంగుళానికి 12 అని చెప్పాడు. రంధ్రం పక్కన పోటు ముద్రతో కొట్టిన రెండు గుర్తులు ఉన్నాయి, ఇంగ్లీషు "బి" అక్షరం, ఒక "2".

పాత_గన్నర్

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను.

ఆ నల్లని వలయం మొద్దు చుట్టూ ఉన్న పట్టీ ఆనిన చోటు. గొట్టం 152.4 ఉంటే మొద్దు దానికంటే కొంచెం తక్కువ ఉండాలి, లేకపోతే లోపలికి దూరదు. మిగిలిన సందును పట్టీ ఉబ్బి నింపుతుంది. 151 అంటే సరిగ్గా ఉండవలసిన కొలత. వలయానికి బయట అంటిన బూడిద రంగు గొట్టం మూతి అంచు మీది రంగు. రంగు వేశాక పూర్తిగా ఆరకముందే ఎవరో తొందరపడి మూత బిగించి ఉంటారు. అందుకు నేనూ ఒకసారి తిట్లు తిన్నాను. ఉప్పునీరు చేరి నిలిచేది కూడా అక్కడే, మూతికీ బిళ్ళకూ మధ్య ఉన్న సన్నని సందులో. ఎర్ర మచ్చలు వలయం లోపల లేకుండా బయట మాత్రమే ఉండడం నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం. గోడ కోసం చేసిన బిళ్ళను ఉప్పునీరు అంత కచ్చితంగా హద్దు గీసి తినదు.

"బి" అంటే ముందు వైపు రెండవ టరెట్, "2" అంటే మూడు గొట్టాలలో మధ్యది అని నేను చదువుతాను. ముక్కుల అరుగుదల, సందుల్లోని తెల్లపొడి బ్రాసో పని. ఓడ మీద ఏళ్ళ తరబడి మెరుగు పెట్టిన గుర్తు అది.

మూస_కొలిమి

ఎనిమిది పాయింట్ ఐదు ఐదు, 12 చుట్ల మర, జింకు పోయిన మచ్చలు: మూడూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి. నా వైపు నుంచి అభ్యంతరం ఏమీ లేదు.

పత్రాల_పెట్టె

నా వైపు నుంచి కూడా లేదు. గండభేరుండం మైసూర్ అని చెబుతోంది, 151 క్రూయిజరు అని చెబుతోంది, మర కూడా దానికే మద్దతు ఇస్తోంది. తాతగారి సేవా పత్రంలో మైసూర్ మీద పనిచేసిన తేదీలు ఉంటాయి కనుక దాని నకలును, ఈ కొలతలను, వెనుక వైపు ఫోటోను ఒకే కవరులో పెట్టి బిళ్ళతో పాటే ఉంచండి.

ఈ చర్చ చదివి కొనడానికి బయలుదేరేవారికి రెండు మాటలు చెప్పాలి. మునిగిన యుద్ధనౌకల నుంచి తీసినవంటూ వచ్చే వస్తువులను ఎంత అసలైనవైనా తాకకండి. అవి నావికుల సమాధులు. బ్రిటన్ 1986లో ప్రత్యేకంగా చట్టం చేసి అటువంటి శిథిలాలకు రక్షణ కల్పించింది. 1942 ఏప్రిల్‌లో శ్రీలంక తీరంలో మునిగిన బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మీస్ పేరుతో వచ్చే బేరాలు ఈ కోవలోకే వస్తాయి. రెండవది, వంద సంవత్సరాలు దాటిన వస్తువులకు మన 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది కాబట్టి, విదేశాలలో ఉన్న మిత్రులు ఇక్కడి నుంచి తెప్పించుకోవాలనుకుంటే ముందుగా వయసు తేల్చుకోవాలి.

భీమిలి_కెరటం

పాత గన్నర్ గారి విశ్లేషణను నిన్న రాత్రి మా అమ్మమ్మకు ఫోనులో చదివి వినిపించాను. వెనుక వైపు సంగతి అంతా మౌనంగా విన్నది. ముక్కుల అరుగుదల దగ్గరికి రాగానే ఆపి, "అది ఓడ మీద అరగలేదు, నేను అరగదీశాను" అన్నది. తాతయ్య దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఈకల గీతలు కూడా స్పష్టంగా ఉండేవట. ప్రతి సంక్రాంతికీ, ప్రతి దీపావళికీ గోడ మీంచి దింపి చింతపండుతో, తరువాత తరువాత పీతాంబరి పొడితో తోమేదట. వెనుక వైపు ఎవరికి కనబడుతుందని వదిలేసేదట. ఆ తెల్లటి పొడి కూడా అదే అయి ఉంటుంది. ఇది దాచకుండా చెప్పడం నా బాధ్యత కనుక రాస్తున్నాను.

పాత_గన్నర్

చెప్పి మంచి పని చేశారమ్మా. అయితే ముందు వైపు గురించి నేను రాసినదంతా కొట్టివేయండి. ఆ అరుగుదలను సాక్ష్యంగా లెక్కించకూడదు. వలయం, పెయింటు, ఎర్ర మచ్చలు, మర, పోటు ముద్రలు, ఈ ఐదూ వెనుక వైపువే. చింతపండు అక్కడికి చేరలేదు కాబట్టి వాటి మాట చెల్లుతుంది. కవరులో పెట్టే కాగితం మీద అమ్మమ్మగారు తోమిన సంగతి కూడా రాయండి, ఏ పండుగలకు తోమేవారో సహా.